ముష్టి గింజ విలువ

చింతపల్లి మన్యపు అడవులలో ముష్టి చెట్టు కాపుకు వచ్చినప్పుడు చూడ ముచ్చటగా ఉంటుంది. పండు నారింజను పోలినది. లోపల బిళ్ళల వంటి గింజలు, వాటిపై పట్టువలె మెరిసే నూగు. ప్రాణం తీసే విషమున్నది ఆ గింజలలోనే. భిక్షకూ, ఈ విషవృక్షానికీ తెలుగులో ఒకే మాట ఉండడం చిత్రం. దీనికి చిల్ల చెట్టు తోబుట్టువు; వృక్షశాస్త్రజ్ఞులు రెండింటినీ స్ట్రిక్నోస్ అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. చిల్లగింజను కుండ లోపలివైపు అరగదీస్తే బురదనీరు తేరుకుంటుంది. ముష్టిగింజ కడుపులో పడితే కండరాలు బిగిసి, ఊపిరాడక మనిషి మరణిస్తాడు. ఈ తారతమ్యం తెలియడానికి ప్రయోగశాలలు పుట్టేదాకా ఆగనక్కరలేకపోయింది. అడవిలో బ్రతికేవారికి అది నిత్యావసరమైన విద్య.

1818లో పెల్తియే, కవాంతూ అనే ఫ్రెంచి రసాయనవేత్తలు ఈ ప్రజాతి గింజల నుండి స్ట్రిక్నీన్‌ను వేరుచేశారు. రెండేళ్లకు సింకోనా పట్టనుండి క్వినైన్‌ను తీసినదీ వారే. స్ట్రిక్నీన్‌ను బలవర్ధకమని కొంతకాలం వాడి, పాశ్చాత్య వైద్యులు విడిచిపెట్టారు. ఆయుర్వేదం ముష్టిని శుద్ధి చేయనిదే ముట్టదు. మూలిక గనుక హాని చేయదని ధీమాగా చెప్పేవారు ఈ చెట్టునొకసారి తలచుకోవడం మంచిది.

విషంలోనుండి మందు బయటపడిన తీరుకు బిళ్ళగన్నేరును మించిన ఉదాహరణ లేదు. పెరటి మొక్కయే గాని పసరు విషతుల్యం. మధుమేహానికి పనిచేస్తుందన్న నాటువైద్యపు మాటను కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు పరీక్షించారు. చక్కెర తగ్గలేదు; ఎలుకల రక్తంలో తెల్లకణాలు తగ్గిపోయాయి. ఆ హాని వెంటబడి పోగా 1958లో విన్‌బ్లాస్టిన్ వెల్లడి అయింది. దాని వెనువెంటనే మరొక పరిశోధనాలయంలో విన్‌క్రిస్టిన్ దొరికింది. రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు అది నేటికీ ఇస్తున్న మందు. నాటువైద్యపు మాట అక్షరాలా నిజం కాలేదు. కాని ఆ మాటే లేకపోతే ఆ మొక్కను పరీక్షించాలన్న ఆలోచన ఎవరికి కలిగేది?

ఇక మన్యం సంగతి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ముష్టిగింజలనూ, చిల్లగింజలనూ గిరిజనుల వద్ద తూకానికి కొంటున్నది. దళారుల నుండి అది రక్షణయే, కాదనరాదు. అయితే తూకంలో గింజకే గాని దానిని గుర్తించిన చూపుకు ఖరీదు లేదు. కేరళలో కాణి తెగవారు చూపిన ఆరోగ్యపచ్చ విషమొక్క కాదు గాని, దాని కథ ఇక్కడ చెప్పదగినది. దానినుండి 'జీవని' అనే మందు తయారుచేసిన పరిశోధన సంస్థ, 1995లో ఆ మందు హక్కును ఒక కంపెనీకి ఇచ్చి, వచ్చే సొమ్ములో సగం కాణులకని నిర్ణయించింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఇటువంటి పంపకాన్ని దేశమంతటికీ నియమంగా చేసింది. 2023 సవరణ మాత్రం గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానానికి మినహాయింపు నిచ్చింది. ముష్టి గ్రంథాలకు ఎక్కినదే గదా! గ్రంథకర్త చెట్టెక్కి కాయ కోయలేదు. ఈ మినహాయింపు న్యాయమనిపించుకోదు.

అదే చట్టం ప్రతి స్థానిక సంస్థ పరిధిలోనూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలంటున్నది. చింతపల్లి ఉపాధ్యాయులు పూనుకొంటే, అవ్వలూ తాతలూ చెప్పే మొక్కల పేర్లు, అవి పెరిగే చోటు, పూచే నెల, చెప్పినవారి ఊరు విద్యార్థుల చేతనే అందులోకి ఎక్కించవచ్చు. మందు చేసే విధానం బజారుకెక్కనక్కరలేదు. రుచి చూడడం మాత్రం ఎవరూ చేయరాదు.