పేరు సంపాదించుకోవాల్సిన వస్తువా?



ఆ మధ్య లైబ్రరీ పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు పెద్ద వాదన పెట్టుకున్నారు. స్టార్ వార్స్ బౌంటీ హంటర్లలో ఎవరు గొప్ప అని. బౌంటీ హంటర్ అంటే బహుమానం డబ్బు కోసం మనుషులను వెతికి పట్టి అప్పగించేవాడు. దాదాపు అందరూ బోబా ఫెట్ అన్నారు. ఏడాది మధ్యలో వచ్చి చేరిన ఒక అబ్బాయి మాత్రం జకస్ అన్నాడు. అందరూ నవ్వారు. "వాడు సినిమాలో ఏం చేశాడని?" అని అడిగారు. "ఏమీ చేయలేదు. వాడికి బయటి గాలి పడదు" అన్నాడు ఆ అబ్బాయి.

ఆ జవాబు మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. మేమూ మీలాగే బదిలీల మీద తిరిగేవాళ్లం. సామాను విప్పిన అట్టపెట్టెలను మళ్లీ పనికొస్తాయని మంచం కింద దాచుకునేవాళ్లం. అందుకే ఈ చిన్న పాత్ర గురించి మా అభిప్రాయం నాలుగు మాటల్లో చెప్పాలనిపించింది.

1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' సినిమాలో డార్త్ వేడర్ మిలీనియం ఫాల్కన్ నౌకను పట్టుకోవడానికి ఆరుగురు వేటగాళ్లను తన నౌకలో నిలబెడతాడు. వారిలో జకస్ ఒకడు. పురుగు కళ్లలాంటి పెద్ద కళ్లు, ముఖానికి గొట్టాలు, ఒంటినిండా పొడుగాటి అంగీ. తెర మీద కనిపించేది కొన్ని క్షణాలే. ఒక్క మాటైనా మాట్లాడడు.

తర్వాత వచ్చిన కథలు అతనికి ఊరూ పేరూ ఇచ్చాయి. అతనిది గాండ్ అనే జాతి. వాళ్ల గ్రహం నిండా అమ్మోనియా పొగమంచు. వాళ్లు పీల్చేది అమ్మోనియానే. మనకు ప్రాణమైన ఆక్సిజన్ జకస్‌కు విషం. అందుకే ఎక్కడికి వెళ్లినా తన గాలిని తానే మోసుకుపోతాడు. 1996లో వెలువడిన 'టేల్స్ ఆఫ్ ది బౌంటీ హంటర్స్' సంకలనంలో ఎం. షేన్ బెల్ రాసిన కథ ఒకటి ఉంది. అందులో జకస్ ఆక్సిజన్ పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకుంటాడు. కొత్తవి పెట్టించుకోవడానికి డబ్బు కావాలి. అతనికి తోడుగా నిలిచేది ఫోర్‌లామ్ అనే రోబో. పుట్టుక వేరు, ఒళ్లు వేరు. అయినా ఇద్దరూ జోడీ.

ఇంకో తమాషా చూడండి. 1980ల మొదట్లో కెన్నర్ కంపెనీ వీళ్లిద్దరి బొమ్మలు అమ్మినప్పుడు పేర్లు తారుమారయ్యాయి. రోబో బొమ్మ మీద జకస్ అని, జకస్ బొమ్మ మీద ఫోర్‌లామ్ అని అచ్చయింది. తర్వాత ఎప్పటికో సరిదిద్దారు. అన్నాళ్లూ పిల్లలు అతన్ని వేరేవాడి పేరుతోనే పిలిచారు.

ఇది చదివి మీలో కొందరు నవ్వుకొని ఉంటారు. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. వేరే రాష్ట్రంలో బడిలో చేరగానే రిజిస్టరులో మొదట ఉన్న ఇంటిపేరే పిల్ల పేరైపోతుంది. ఇంటిపేరు తోట అయితే ఇంకా కష్టం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తోట హిందీ నోట తోతా అవుతుంది. తోతా అంటే చిలుక. ఇక ఏడాదంతా ఆ పిల్ల చిలుకే.

గాండ్‌ల పేర్ల గురించి మైకేల్ స్టాక్‌పోల్ రాసిన ఎక్స్‌వింగ్ నవలల్లో ఒక ఆచారం ఉంది. మామూలు గాండ్‌కు సొంత పేరు ఉండదు. అందరూ 'గాండ్' అనే పిలుస్తారు. ఏదైనా సాధిస్తే ఇంటిపేరు దక్కుతుంది. ఇంకా సాధిస్తే సొంత పేరు. 'నేను' అనే మాట మహా గొప్పవాళ్లకు మాత్రమే. తప్పు చేసి సిగ్గుపడితే మళ్లీ కింది పేరుకు దిగాలి. మన పిల్లల దారీ ఇంచుమించు ఇదే కదా! కొత్త బడిలో మొదట 'ఆంధ్రావాలా' లేదా 'మద్రాసీ', తర్వాత ఇంటిపేరు, ఏ క్విజ్‌లోనో ఫస్టు వస్తే అప్పుడు సొంత పేరు.

ఈ ఆచారంతోనే మాకు పేచీ. పేరు బహుమతి కాదు. బడిలో అడుగుపెట్టిన మొదటి రోజే ప్రతి పిల్లకూ దక్కాల్సిన హక్కు. ఈ విషయంలో తప్పు మాదీ ఉంది. టీచర్లకు ముందు గుర్తుండేవి ఫస్టు వచ్చేవాళ్ల పేర్లు, ఆ తర్వాత అల్లరివాళ్ల పేర్లు. నడుమ నిశ్శబ్దంగా కూర్చునే పిల్ల పేరు నేర్చుకునేలోపే ఆ పిల్ల నాన్నగారికి ఆర్డర్లు వచ్చేస్తాయి. ఒకసారి టీసీ తీసుకోవడానికి వచ్చిన పిల్లను, పదకొండు నెలలు మా తరగతిలో కూర్చున్న పిల్లను, కాగితం చూసి పేరు పెట్టి పిలిచాం. ఆ పిల్ల అది గమనించింది. ఏమీ అనలేదు. నమస్తే చెప్పి వెళ్లిపోయింది. ఆ నమస్తే మాకు ఇప్పటికీ బరువుగానే ఉంది.

ఇక గాలి సంగతి. "ఉన్న ఊరి భాష నేర్చుకుంటే చాలు, ఇంట్లో తెలుగెందుకు?" అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. వారి భయం మాకు తెలుసు. పిల్లలు వెనకబడిపోతారేమోనని. కానీ జకస్ తన గాలిని మోసేది ఇంట్లో తలుపేసుకుని కూర్చోవడానికి కాదు, బయట తిరగడానికి. ఇంట్లో అమ్మానాన్నలతో తెలుగు మాట్లాడే పిల్ల బయట హిందీ, మరాఠీ, అస్సామీ నేర్చుకోలేదని మేమెక్కడా చూడలేదు. రెండూ వదిలేసి ఎవరితోనూ మాట్లాడని పిల్లలను మాత్రం చూశాం.

అయితే ఒక జాగ్రత్త. మనకు పడని గాలి చెడ్డ గాలి కాదు. అది అక్కడివాళ్లకు ప్రాణం. వాళ్ల భాషను, తిండిని వెక్కిరించే హక్కు మనకు లేదు. జకస్ చేసే పనిని మెచ్చుకోమనీ మేము చెప్పడం లేదు. డబ్బు కోసం మనుషులను వేటాడటం ఏ లోకంలోనైనా చెడ్డ పనే. ఆ బెల్ కథలోనే జకస్, ఫోర్‌లామ్ చివరికి ఆపదలో ఉన్న తిరుగుబాటుదారులను కాపాడతారు. మాకు నచ్చింది అది.

కాబట్టి పిల్లలూ, మీ పేరు ఎవరైనా తప్పుగా పలికితే, టీచరైనా సరే, మర్యాదగా సరిదిద్దండి. రెండేళ్లే కదా అని ఊరుకోకండి. అలా ఊరుకుంటే అన్ని ఊళ్లలోనూ రెండేళ్లే. మీ పక్కన కూర్చున్న మణిపురి పిల్ల పేరు, తమిళ పిల్లవాడి పేరు వాళ్లనే అడిగి సరిగ్గా నేర్చుకోండి. మావంతుగా మేము ఈ ఏడాది హాజరు పట్టీలో ప్రతి పేరు పక్కన, ఇంట్లో ఎలా పిలుస్తారో పిల్లలనే అడిగి తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నాం. కొన్ని ఇంకా తప్పుగానే పలుకుతున్నాం. సరిదిద్దండి, ఏమీ అనుకోం.