రెండు శాతం మన ఊరి దాకా రావాలి

పరవాడ, అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్ళారా!

ఈ కాగితం పారేయకండి. చదివి జేబులో పెట్టుకోండి, చదవడం రానివాళ్ళకు చదివి వినిపించండి. ఇది మన ఊళ్ళకు రావాల్సిన డబ్బు సంగతి.

మన పొలాల్లో ఫ్యాక్టరీలు లేచాయి. మందులు, బట్టలు, రసాయనాలు, కరెంటు ఇక్కడే తయారవుతున్నాయి. తెల్లవారకముందే షిఫ్టు బస్సులు మన వీధుల్లోంచి ఆడపిల్లల్ని ఎక్కించుకుని పోతున్నాయి. లాభాలు వచ్చే కంపెనీలు మన మధ్యనే ఉన్నాయి. లాభం వచ్చిన కంపెనీ అందులో కొంత సమాజానికి తిరిగి ఖర్చు పెట్టాలని మన దేశంలో చట్టమే ఉంది: 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షన్. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీ నికర విలువ 500 కోట్లకు చేరినా, టర్నోవర్ 1000 కోట్లకు చేరినా, నికర లాభం 5 కోట్లకు చేరినా, అంతకుముందు మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం ప్రజల పనులకు పెట్టి తీరాలి. సగటున 50 కోట్ల లాభం ఉన్న కంపెనీ ఏటా కోటి రూపాయలు ఖర్చు చేయాలన్నమాట. 2022-23లో దేశం మొత్తం మీద కంపెనీలు ఈ లెక్కన పెట్టింది దాదాపు 30 వేల కోట్లు.

మరి మన ఊళ్ళో కనబడిందేమిటి?

మంచినీళ్ళ ప్లాంటు చూడండి. రిబ్బను కట్ చేశారు, ఫ్లెక్సీలు కట్టారు, మైకులో మాట్లాడారు. కొన్నాళ్ళు 20 లీటర్ల క్యాన్లతో ఆడవాళ్ళు బారులు తీరారు. తర్వాత నీళ్ళు సన్నబడ్డాయి. ముందు ఫిల్టర్లు మార్చలేదు, మెంబ్రేన్ పూడిపోయింది, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు, మోటారు వేసే కుర్రాడికి జీతం ఆగిపోయింది. ఇప్పుడు షట్టర్ కిందికి దించి ఉంది, తాళం తుప్పు పట్టింది. గోడ మీద కంపెనీ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. పంచాయతీని అడిగితే మాకు అప్పజెప్పలేదంటారు. కంపెనీవాళ్ళను అడిగితే అది పాత ప్రాజెక్టు, ముగిసిపోయిందంటారు. ఆ క్యాన్లతోనే మనం మళ్ళీ ఆటో నీళ్ళు కొనుక్కుంటున్నాం.

బడి పిల్లలకు బ్యాగులు ఇచ్చారు, సంతోషమే. ఒక ఆదివారం మెడికల్ క్యాంపు పెట్టి బీపీ, షుగరు చూసి పది రోజుల మాత్రలు ఇచ్చారు. పదకొండో రోజు ఎవరు ఇస్తారు?

ఇచ్చే చేతిని తప్పు పట్టడానికి ఈ కరపత్రం వేయలేదు. మంచి మనసుతో ఇచ్చే వాళ్ళూ ఉన్నారు. కానీ ఏం కావాలో కంపెనీ ఆఫీసులో కూర్చుని అనుకుంటున్నారు, కట్టిన తర్వాత ఎవరు నడపాలో ఎవరూ అనుకోవడం లేదు. మనమూ అడగలేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

నిలబడిన పనులు ఎలా నిలబడ్డాయో చూడండి. 108 అంబులెన్సు తెలియని ఇల్లు ఉందా? అది 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. మొదలుపెట్టింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గారి సంస్థ. 2009 జనవరిలో సత్యం కుప్పకూలింది. పెట్టిన పెద్ద మనిషి జైలుకెళ్ళాడు. అయినా అంబులెన్సులు తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకంటే అప్పటికే ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం భరించేలా ఒప్పందం జరిగిపోయింది, జనం ఆ నంబరును తమదిగా చేసుకున్నారు, ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. జీవీకే సంస్థ వచ్చి బాధ్యత తీసుకుంది. ఆ తర్వాతా నడిపేవాళ్ళు మారారు. నంబరు మారలేదు. ఒక కంపెనీ చేతిలోనే ఉండి ఉంటే అది 2009తోనే ఆగిపోయేది.

హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987లో మొదలైంది. సినిమా నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారు కోటి రూపాయలు, ఐదెకరాల స్థలం ఇచ్చారు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు దాన్ని నిలబెట్టారు. మన విశాఖ హనుమంతవాకలో ఉన్న వాళ్ళ ఆసుపత్రి జీఎంఆర్ వరలక్ష్మి పేరు మీద నడుస్తోంది. మీలో చాలామంది అమ్మానాన్నల్ని కంటి ఆపరేషన్‌కు అక్కడికే తీసుకెళ్ళి ఉంటారు. అన్నిటికన్నా గొప్పది వాళ్ళ పల్లె కంటి కేంద్రాల పద్ధతి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటర్ చదివిన పిల్లల్నే ఎంచి, ఏడాది శిక్షణ ఇచ్చి, కళ్ళు పరీక్షించడానికి, అద్దాలు ఇవ్వడానికి అక్కడే కూర్చోబెడతారు. పెద్ద జబ్బయితే పై ఆసుపత్రికి పంపుతారు. అలా కూర్చున్న అమ్మాయిది ఆ ఊరే గనుక సోమవారమూ ఉంటుంది, వానాకాలమూ ఉంటుంది. క్యాంపు పెట్టి వెళ్ళిపోయే డాక్టరు ఎంత మంచివాడైనా ఆ పని చేయలేడు.

ఇంకో మాట. ఇప్పటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు రైతుల్ని కూడగట్టి సహకార సంఘం పెట్టారు. చుట్టుపక్కల 14 ఊళ్ళ రైతులదే ఆ సంఘం. అప్పు ఇచ్చేది అదే, ఎరువు ఇచ్చేది అదే, పండిన వడ్లు కొనేదీ అదే, వాటిని విత్తనంగా చేసి అమ్మేదీ అదే. మిగిలిన లాభం మళ్ళీ సభ్యులకే. 2000లో అదే ప్రాంతం ఆడవాళ్ళు సొంతంగా పాల డెయిరీ పెట్టుకున్నారు, డైరెక్టర్లందరూ పాలు పోసే ఆడవాళ్ళే. అక్కడ ఇచ్చేవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు అని రెండు జట్లు లేవు. పద్దు పుస్తకం సభ్యుల ముందు తెరిచి పెడతారు. మన డ్వాక్రా సంఘాల అక్కలు పొదుపు లెక్కలు ఎంత కచ్చితంగా రాస్తారో మనకు తెలుసు. ముల్కనూరు ఆడవాళ్ళు చేసింది మనవాళ్ళు చేయలేరా?

ఇప్పుడు చట్టంలో మనకు పనికొచ్చే మాటలు చెబుతాం, గుర్తుపెట్టుకోండి.

రెండు శాతం డబ్బుతో కట్టిన ఆస్తిని కంపెనీ తన పేరున ఉంచుకోకూడదని 2021 నుంచి నిబంధన ఉంది. అది ప్రభుత్వ సంస్థ పేరునైనా, అర్హత ఉన్న ట్రస్టు, సొసైటీ లాంటి వాటి పేరునైనా ఉండాలి, లేదా లబ్ధిదారుల స్వయం సహాయక సంఘం పేరునైనా ఉండాలి. మళ్ళీ చదవండి: స్వయం సహాయక సంఘం పేరున. నీళ్ళ ప్లాంటు తాళం చెవి మన మహిళా సంఘం చేతిలో ఉండడానికి చట్టమే దారి ఇచ్చింది.

ఫ్యాక్టరీ విషపు నీటిని శుద్ధి చేయడం, భద్రత పరికరాలు పెట్టడం, కాంట్రాక్టు కార్మికులకు పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టడం ఈ రెండు శాతంలోకి రావు. అవి వేరే చట్టాల కింద ఎలాగూ చేసి తీరాల్సిన పనులు. సొంత ఉద్యోగులకు ఇచ్చే సౌకర్యాలూ ఇందులోకి రావు, పార్టీలకు ఇచ్చే చందాలూ రావు. కంపెనీ సరుకు ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్పూ రాదు. జీతం సరిగ్గా ఇవ్వకుండా, కాలువలోకి నీళ్ళు వదిలేస్తూ, బడికి బెంచీలు ఇచ్చిన సంస్థ ఊరికి తిరిగి ఇచ్చినట్టు కాదు. ముందు ఆ బాకీ తీరాలి.

ఇక ముఖ్యమైనది. ఖర్చు చేసేటప్పుడు తన చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతుంది. ఫలానా ఊరికి ఇంత ఇచ్చి తీరాలని మాత్రం అనదు. మనం నోరు తెరవకపోతే ఆ డబ్బు పెద్ద నగరాలకు పోతుంది. సిద్ధంగా ఏ ప్రాజెక్టూ లేక మిగిలిపోయిన సొమ్ము మార్చి 31 దాటాక ఆరు నెలల్లోపు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి లాంటి నిధులకు జమ చేయాలి. ఆ నిధులు మంచివే. కానీ మన బడికి ప్రహరీ గోడ లేకపోవడం వాళ్ళకు ఎలా తెలుస్తుంది? నడుస్తున్న ప్రాజెక్టుకు కేటాయించిన సొమ్ము అయితే వేరే బ్యాంకు ఖాతాలో వేసి మూడేళ్ళలో అదే పనికి ఖర్చు పెట్టాలి. అందుకే మన దగ్గర ప్రాజెక్టు కాగితం సిద్ధంగా ఉండాలి.

మేము ఒక్క పనిని గట్టిగా అడుగుతున్నాం. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. గాయపడ్డవాళ్ళను అనకాపల్లికి, విశాఖకు తరలించారు. కాలిన మనిషికి మొదటి గంట ఎంత విలువైనదో ఆ కుటుంబాలకు తెలుసు. ప్రమాదం జరగకుండా చూడడం ఫ్యాక్టరీల చట్టపరమైన బాధ్యత, దాన్ని ఎవరూ దానంగా చెప్పుకోవడానికి వీల్లేదు. అది కాక, కాలిన గాయాలకు వెంటనే వైద్యం చేసే పూర్తి స్థాయి వార్డు మనకు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉండాలి. ఫ్యాక్టరీ కార్మికుడికీ, గ్యాస్ స్టవ్ దగ్గర చీర అంటుకున్న అమ్మకూ, పూడిమడకలో పడవ ఇంజను దగ్గర కాలిన కుర్రాడికీ అదే వార్డు కావాలి. ఒక్క కంపెనీ వల్ల కాదంటే నాలుగు కంపెనీలు కలిసి చేయవచ్చు. కలిసి ప్రాజెక్టు చేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆస్తి ఆసుపత్రిది. నర్సుల జీతం, మందుల ఖర్చు కనీసం ఎన్నేళ్ళు కంపెనీలు భరిస్తాయి, తర్వాత ప్రభుత్వం ఎలా తీసుకుంటుంది అన్నది మొదటి రోజే కాగితం మీద ఉండాలి.

డబ్బు ఒక్కటే కాదు. ఆ గేట్ల లోపల వెల్డర్లు ఉన్నారు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, కెమిస్ట్రీ చదివిన వందల మంది ఉన్నారు. శనివారం రెండు గంటలు మన జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి పిల్లలకు సైన్స్ చెప్పడానికి ఎవరైనా రండి అని అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. అడిగి చూశామా?

కాబట్టి అక్టోబర్ 2 గాంధీ జయంతి నాడు జరిగే గ్రామసభకు రండి. మగవాళ్ళు వస్తారులే అని ఆడవాళ్ళు ఇంట్లో ఉండిపోవద్దు. బిందె మోసేవాళ్ళు మాట్లాడకపోతే నీళ్ళ సంగతి ఎవరు మాట్లాడతారు? వార్డుకు ఒకరు చొప్పున, సగం మంది ఆడవాళ్ళతో కమిటీ వేసుకుందాం. ఊరికి కావాల్సిన పనులు రాసుకుందాం, మూడు దాటవద్దు. ఇరవై రాస్తే ఒక్కటీ కాదు. ప్రతి పనికీ ఎక్కడ, ఎంత ఖర్చు, ఆస్తి ఎవరి పేరున, నెలనెలా నడపడానికి ఎంత, అది ఎవరు కడతారు అని ఒకే పేజీలో రాద్దాం. నడిపే ఖర్చు రాయని కాగితాన్ని సభలో ఒప్పుకోవద్దని మా మనవి. ఇప్పుడు మూతపడ్డ నీళ్ళ ప్లాంటు అలాంటి కాగితం మీద పుట్టిందే.

సభ తీర్మానం చేశాక పంచాయతీ ముద్ర వేయించి, చుట్టుపక్కల కంపెనీలకు, జిల్లా కలెక్టర్ గారికి ఇద్దాం. ఇచ్చిన ప్రతి చోటా అందినట్టు సంతకం, తేదీ తీసుకుందాం. వచ్చే ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఏడాది ప్రణాళికలు చలికాలంలోనే తయారవుతాయి, సంక్రాంతి దాటితే ఆలస్యం అయినట్టే.

చదువుకున్న పిల్లలకు ఒక పని. కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో ఈ రెండు శాతం నిధుల కమిటీ సభ్యులెవరో, ఏ ప్రాజెక్టులు ఆమోదించారో పెట్టాలి. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరుతో వెతికితే ఏ ఏడాది ఎంత ఖర్చు పెట్టారో కనబడుతుంది. పరవాడ సింహాద్రి విద్యుత్ కేంద్రం నడిపే ఎన్టీపీసీ కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ, కాబట్టి 10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. మీ ఫోన్లోనే చూసి, కాగితం మీద రాసి సభకు తీసుకురండి. చేతిలో లెక్క ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు ఎవరైనా జాగ్రత్తగా మాట్లాడతారు.

వినాయక చవితి కమిటీలకు, యువజన సంఘాలకు, ఆటో యూనియన్లకు, వ్యాపారుల సంఘాలకు కూడా ఇదే విన్నపం. మీ చందాల లెక్క మిగిలితే అందులో కొంత బడి లైబ్రరీకో, అంగన్‌వాడీ ఫ్యానుకో ఇవ్వండి, లెక్క గోడ మీద రాయండి. మన లెక్క మనం చూపించాక కంపెనీని లెక్క అడుగుదాం.

సభ ఉదయం 10 గంటలకు, గ్రామ సచివాలయం దగ్గర. మూతపడ్డ ప్లాంటు ఫోటో, పాత కరెంటు బిల్లు, ఎవరి దగ్గరైనా కంపెనీ ఇచ్చిన ఒప్పంద కాగితం ఉంటే దాని జిరాక్సు తీసుకురండి. షిఫ్టు ఉన్నవాళ్ళు ముందు రోజు సాయంత్రమే తమ మాట రాసి పక్కింటివాళ్ళ చేత పంపండి. పక్క ఊరివాళ్ళకు ఈ కాగితం ఇంకో కాపీ తీసి ఇవ్వండి.

ఇట్లు,
ఫ్యాక్టరీల పక్క ఊళ్ళ ప్రజలం