పొట్టకి బ్యాకప్ ఉందా?

మొన్న నాకు జలుబు చేస్తే మా టీములో ఒకాయన సలహా: "మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ తీసుకో, మూడ్రోజుల్లో తగ్గిపోద్ది. తర్వాత ప్రోబయోటిక్ సీసాలు తాగు, పొట్ట మళ్ళీ మామూలైపోద్ది." పోయినేడాది ఇలాగే విని వారం రోజులు బాత్రూంకే అంకితమయ్యాను. ప్రొడక్షన్‌లో ఒక్క ఫైలు తీసెయ్యాలంటే నాలుగు అప్రూవల్స్ అడిగే మనం, పొట్ట దగ్గరకొచ్చేసరికి ఎవర్నీ అడగం!

జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానిమీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు, పనిచేసేది పేగుల్లో బాక్టీరియా మీద. 2016లో వేసిన లెక్కలో మన కణాలు సుమారు 30 లక్షల కోట్లైతే, ఒంట్లో బాక్టీరియా 38 లక్షల కోట్లు. (ఒకటికి పది అనే పాత లెక్క తప్పట.) మనకి అరగని పీచుని పులియబెట్టి పేగు గోడకి తిండి పెట్టేవీ, చెడ్డ క్రిములకి చోటివ్వనివీ ఇవే.

మరి ప్రోబయోటిక్‌తో రీస్టోర్ అవ్వదా? 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. చిన్న ప్రయోగమే, కానీ ఫలితం చూడండి. ఏమీ వాడకుండా వదిలేసిన వాళ్ళ కంటే ప్రోబయోటిక్ మింగిన వాళ్ళ సొంత బాక్టీరియా తిరిగి రావడానికే ఎక్కువ కాలం పట్టింది! అందరికన్నా ముందు, రోజుల్లోనే కోలుకున్నది ఎవరంటే, మందుకి ముందే దాచిపెట్టిన తమ మలాన్ని తిరిగి పేగుల్లోకి ఎక్కించుకున్నవాళ్ళు. ఛీ అనకండి, బ్యాకప్ అంటే అదే మరి.

డాక్టరు చూసి రాస్తే కోర్సు మొత్తం వాడాల్సిందే, అది వేరే సంగతి. నేను మాట్లాడేది షాపువాడు రాసే మందు గురించి. ఈసారి మిరియాల చారుతో అయిదు రోజులకి తగ్గింది. చారు లేకపోయినా అయిదు రోజులకే తగ్గేదనుకోండి, అమ్మకి మాత్రం చెప్పకండి.