బి.ఏ. కోసం పొలం తాకట్టా?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే పల్లెల్లో తండ్రులకు కునుకుండదు. పట్నం కాలేజీలో ఫీజు ఒక ఎత్తు, గది అద్దె, మెస్సు బిల్లు మరో ఎత్తు. వడ్డీకి అప్పు తెచ్చేముందు ఉండి చదువుకునే సర్కారు కళాశాలల సంగతీ కనుక్కోవాలి. కర్నూలులో సిల్వర్ జూబ్లీ కళాశాల 1972లో, నాగార్జునసాగర్‌లో రెసిడెన్షియల్ డిగ్రీ కళాశాల 1977లో వెలిసినవే. బి.ఏ. అంటే పెదవి విరిచేవారున్నారు. గ్రూప్స్ పరీక్షలో అడిగేది ఆ చరిత్ర, ఆ అర్థశాస్త్రమే కదా!

సర్కారుదైనా పెట్టె, దుప్పటి, బస్సు చార్జీలు తప్పవు. పొలంలో ఒక మనిషి తగ్గుతాడు, అది ఏ లెక్కలోనూ రాయరు. గడువు దాటాక ప్రకటన సంగతి తెలిస్తే ఏం లాభం? దరఖాస్తు తేదీ, చేరేనాడు కట్టాల్సిన మొత్తం ముందుగానే పంచాయతీ ఆఫీసు గోడకు అతికించేలా అధికారులు చూడాలి.