అబ్బాయి తలకు రబ్బరు బ్యాండు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒక తల్లి రాసిన ఉత్తరం మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. వారిది వ్యవసాయ కుటుంబం. కుమారుడు పాలిటెక్నిక్ చదివి పట్నంలో పనికి కుదిరాడు. కోతలకు ఇంటికి వచ్చేసరికి జుట్టు భుజాల దాకా పెరిగి ఉంది. చెల్లెలి రబ్బరు బ్యాండు తీసుకుని వెనక్కి ముడి వేసుకుంటున్నాడట. ఆ రోజు నుండి తండ్రి అతనితో మాట్లాడటం లేదు. "ఆ బ్యాండు తీసేసి క్రాపు చేయించుకుంటేనే నా పక్కన కూర్చుని అన్నం తినాలి" అన్నారట. సాయంకాల ప్రార్థనకు తండ్రి లోపల కూర్చుంటే కొడుకు బయట అరుగు మీద కూర్చుంటున్నాడు. "ఇది పాపమా? మావాడికి ఏమి చెప్పాలి? మా ఆయనకు ఏమి చెప్పాలి?" అని ఆ తల్లి అడిగారు.

జవాబు చెప్పే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా సంవత్సరాల క్రితం మేము సేవచేసిన ఒక పల్లె సంఘములో డోలక్ బాగా వాయించే అబ్బాయి ఒకడుండేవాడు. క్రిస్మస్ ముందు అతడు జుట్టు పెంచి, వెనక్కి కట్టుకుని వచ్చాడు. మేము అందరి ఎదుట, "ఈ వేషంతో ముందు కూర్చోవద్దు, వెనక్కి వెళ్లు" అన్నాము. అతడు వెనక్కి కాదు, బయటికే వెళ్లాడు. ఆ తరువాత తల్లి ఒక్కతే ఆదివారం వచ్చి, ఒక్కతే వెళ్లేది. ఆమె ఏనాడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మళ్లీ మేము అతణ్ణి చూసింది ఆమె భూస్థాపన నాడు. చక్కగా క్రాపు చేయించుకుని వచ్చి, సమాధి దగ్గర అందరికీ దూరంగా నిలబడ్డాడు. మేము కోరిన క్రాపు అదే. దాన్ని చూసి మాకు సంతోషం కలుగలేదు.

అందుకే ఈ తల్లి ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పలేము.

మన తాతలు ఏమి చేశారు?

మగవాడు జుట్టు పెంచడం పట్నం నుండి వచ్చిన కొత్త రోగమని చాలామంది అనుకుంటారు. మన ముత్తాతల కాలంలో మగవారికి ముందుభాగం గొరిగించుకుని, వెనుక జుట్టు పెంచి ముడి వేసుకోవడం మామూలు సంగతి. పిలక, జుట్టుముడి, సిగ అని దానికి ఎన్నో పేర్లు. దానికి రబ్బరు బ్యాండు అక్కరలేదు. జుట్టునే మెలిపెట్టి, చుట్టి, కొసను లోపలికి దోపేవారు. పొలానికి వెళితే దానిమీద తలగుడ్డ చుట్టేవారు. తరువాత చదువుకున్న కుర్రవాళ్లు క్రాపు చేయించుకోవడం మొదలుపెట్టినప్పుడు ఎన్నో ఇళ్లలో పెద్దలు ఏడ్చారు, తిట్టారు. ఆనాడు కత్తిరించినందుకు గొడవ, ఈనాడు పెంచినందుకు గొడవ!

మన ప్రొటెస్టెంటు సంఘాలలో కూడా ఈ వాదం కొత్తది కాదు. 19వ శతాబ్దం రెండవ భాగంలో తమిళ దేశంలో మిషనరీల మధ్య 'కుడుమి' గురించి పెద్ద చర్చ జరిగింది. కుడుమి అంటే మన పిలకే. విశ్వాసులైనవారు దాన్ని కత్తిరించాలని కొందరు మిషనరీలు పట్టుపట్టారు. తిరునెల్వేలి ప్రాంతంలో సేవచేసిన రాబర్ట్ కాల్డ్వెల్ గారు దానికి ఒప్పుకోలేదు. 1856లో ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన పండితుడు ఈయనే. కుడుమి దేశాచారమే గాని మతానికి గుర్తు కాదని ఆయన వాదించారు.

పంజాబు సిక్కుల సంగతి చూడండి. 1699లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను స్థాపించిన నాటి నుండి ఖాల్సాలో చేరినవారు వెంట్రుకలు కత్తిరించరు. అయితే విరబోసుకుని తిరగరు. జుట్టుతో పాటు చెక్క దువ్వెన కూడా వారి నియమంలో భాగమే. దువ్వి, నడినెత్తిన ముడి వేసి, పిల్లలైతే చిన్న గుడ్డతో, పెద్దలైతే తలపాగాతో కప్పుతారు. జుట్టు పెంచినవాడికి దాన్ని శుభ్రంగా ఉంచుకునే బాధ్యత కూడా ఉందని వారిని చూసి నేర్చుకోవచ్చు.

వాక్యము ఏమంటుంది?

ఉత్తరంలోని తండ్రిగారు మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయం చూపిస్తున్నారట. పురుషుడు తల వెండ్రుకలు పెంచుకోవడం అతనికి అవమానమని పౌలు అక్కడ రాసిన మాట నిజమే. ఆ మాటను మేము కొట్టివేయము. అయితే సంఖ్యాకాండము 6వ అధ్యాయంలో నాజీరు వ్రతం పట్టినవాని తలమీదికి మంగలికత్తి రాకూడదని ఉంది. న్యాయాధిపతుల గ్రంథంలో సమ్సోను తలకు ఏడు జడలుండేవి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో పౌలు మ్రొక్కుబడి ఉన్నందున కెంక్రేయలో వెండ్రుకలు కత్తిరించుకున్నాడు. కెంక్రేయ ఎక్కడో కాదు, కొరింథు పట్టణపు రేవే. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే, వెంట్రుకల పొడవు ఒక్కటే చూసి మనిషిని కొలవలేమని మాకు తోస్తున్నది. దేవుని యెడల భయభక్తులున్నవారిలోనే ఈ విషయంలో రెండు అభిప్రాయాలున్నాయని కూడా ఒప్పుకుంటాము.

తండ్రిగారిని మేము కోరేది ఒక్కటే. అదే 11వ అధ్యాయాన్ని చివరి వరకు చదవండి. అక్కడ పౌలు వెండ్రుకల సంగతి ముగించి భోజనం సంగతికి వస్తాడు. ఒకరికొరకు ఒకరు ఆగకుండా ఎవరి మట్టుకు వారు తినేవారిని గద్దిస్తాడు. కలిసి తినడానికి వచ్చినప్పుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకోవాలని చెప్పి ముగిస్తాడు. ఆ అధ్యాయం చూపించి కొడుకును అన్నం దగ్గర నుండి లేపవచ్చునా? మీరే ఆలోచించండి.

ఏ బ్యాండు మంచిది?

ఇక అబ్బాయికి నాలుగు మాటలు. బాబూ, జుట్టు పెంచుకున్నావు, సరే. దాన్ని సరిగా కట్టుకోవడం నేర్చుకో.

సన్నటి ఉత్త రబ్బరు బ్యాండు జుట్టుకు వద్దు. 1845లో ఇంగ్లండులో స్టీఫెన్ పెర్రీ దానికి పేటెంటు పొందింది కాగితాలు, కవర్లు కట్టడానికే. జుట్టుకు పెడితే రబ్బరు వెంట్రుకలను పట్టుకుంటుంది; లాగితే తెగుతాయి. ఇప్పటికే చిక్కుపడి ఉంటే కాస్త కొబ్బరినూనె రాసి, కత్తెరతో బ్యాండునే కత్తిరించు. బ్యాండు కోసం జుట్టు పీక్కోకు.

బట్ట చుట్టిన నల్ల బ్యాండు మేలు. కొనేటప్పుడు అతుకు దగ్గర ఇనుప బిళ్ల లేనిది చూడు. ఆ బిళ్లలో వెంట్రుకలు చిక్కుతాయి. అంతకంటే మెత్తనిది కుచ్చుల బట్ట బ్యాండు. అమెరికాలో రామీ రెవ్సన్ అనే గాయని 1987లో దానికి పేటెంటు పొందారు. అది ఆడపిల్లలదని నీకు సిగ్గయితే ఇంట్లోనే సన్నగా కుట్టించుకో. రెండున్నర అంగుళాల వెడల్పు, పద్దెనిమిది అంగుళాల పొడవున్న ముదురు రంగు నూలుగుడ్డను గొట్టంలా కుట్టి, లోపల ఏడెనిమిది అంగుళాల ఎలాస్టిక్ దూర్చి ముడివేస్తే చాలు. పాత చొక్కా గుడ్డ సరిపోతుంది.

ముడి ఎంత బిగువుగా ఉండాలి? కణతలు లాగుతున్నట్టు, తల నొప్పిగా ఉంటే ఎక్కువ బిగించినట్టే. రోజూ ఒకే చోట గట్టిగా లాగి కట్టేవారికి నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. దీన్ని వైద్యులు 'ట్రాక్షన్ అలొపీషియా' అంటారు. మొదట్లోనే వదులు చేస్తే జుట్టు మళ్లీ వస్తుంది; ఏళ్ల తరబడి సాగితే ఆ చోట ఇక మొలవకపోవచ్చు. కాబట్టి ముడి చోటు మారుస్తూ ఉండు. రాత్రి విప్పి పడుకో. తడిజుట్టు సాగి తెగుతుంది గనుక ఆరిన తరువాతే కట్టు. కుంకుడుకాయో షాంపూయో, తలస్నానం మానకు. చెల్లెలి దువ్వెన, బ్యాండు వాడకు. పేలు అలా కూడా ఒకరి నుండి ఒకరికి ఎక్కవచ్చు.

మోటారు సైకిలు నడిపేటప్పుడు ముడి మెడ దగ్గర కిందికి ఉండాలి. నడినెత్తిన ముడి ఉంటే హెల్మెట్ సరిగా కూర్చోదు. గట్టి ప్లాస్టిక్ క్లిప్పు హెల్మెట్ కింద అసలే వద్దు. పడితే తలకే గుచ్చుకుంటుంది.

అన్నిటికంటె ముఖ్యం ఒకటుంది. కోతలకు వచ్చావు గనుక నూర్పిడి మిషను దగ్గరకు వెళతావు. తిరిగే బెల్టుకు, చక్రానికి జాలి లేదు. విడిచిన జుట్టు కొస ఒక్కటి చిక్కినా తలను లోపలికి లాగుతుంది. పిండి మరలోనైనా, చెరకు గానుగ దగ్గరైనా అంతే. అక్కడ తోకలా వేలాడే ముడి పనికిరాదు. జుట్టంతా చుట్టి ముడివేసి, పైన తువ్వాలు బిగించి, దాని కొసలు కూడా లోపలికి దోపుకో. అబ్షాలోము ఏటేటా కత్తిరించిన జుట్టు రెండువందల తులముల బరువుండేదని చదువుతాము. అతడు కంచరగాడిద మీద వెళుతూ చెట్టు కొమ్మలలో చిక్కుకున్నాడు. వాక్యంలో ఉన్నది తల చిక్కుకున్నదని. జుట్టు చిక్కిందని మనం చెప్పుకుంటాము. ఏది చిక్కినా, కింద నుండి గాడిద వెళ్లిపోయింది. అతని కోసం తండ్రి దావీదు ఎంత ఏడ్చాడో నీకు తెలుసు. మీ నాన్న కోపంలోనూ అంతటి భయమే దాగి ఉందేమో ఆలోచించు.

చివరి మాట

బాబూ, నాన్నగారితో వాదించకుండా ఒకసారి అడుగు: "నాన్నా, నా జుట్టులో మీకు బాధ కలిగించేది ఏమిటి?" ఆయన చెప్పేదంతా విను. తరువాత కత్తిరించాలని నీకే తోస్తే కత్తిరించు. జుట్టు మళ్లీ పెరుగుతుంది. దానికి నష్టం లేదు.

అయ్యగారూ, మీకు ఇష్టం లేదని చెప్పే హక్కు మీకుంది. చెప్పండి. కాని అన్నం ముందు చెప్పవద్దు, నలుగురిలో చెప్పవద్దు. మేము నలుగురిలో చెప్పి ఒక తల్లిని ఎన్నో ఆదివారాలు ఒంటరిగా కూర్చోబెట్టాము. వచ్చే సంతకు మీరే వెళ్లి రెండు బట్ట బ్యాండ్లు కొని తెండి. "మిషను దగ్గరకు పోయేటప్పుడు గట్టిగా కట్టుకోరా" అని అతని చేతిలో పెట్టండి. మీరు జుట్టుకు ఒప్పుకున్నట్టు కాదు. కొడుకును వదులుకోలేదని అతనికి తెలుస్తుంది.

అమ్మా, ఆ రాత్రి ఇద్దరికీ ఒకే చాప మీద వడ్డించండి. తరువాత ప్రార్థనకు అరుగు మీది వానిని లోపలికి పిలవండి. తల ఎలా ఉన్నా, ముందు లోపలికి రానివ్వండి.