సైతానుకీ వాక్యం వచ్చు

ముందే చెప్పేస్తున్నా. ఇది క్రైస్తవుల కోసం రాస్తున్నది, అందులోనూ మన సాఫ్ట్‌వేర్ క్రైస్తవుల కోసం. మిగతావాళ్ళు చదవొద్దని కాదు, తప్పకుండా చదవండి. కాకపోతే తిట్లన్నీ మావాళ్ళకే :)

అసలు మనం ఎలాంటి మనుషులం? క్లయింటు ఎనభై పేజీల రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ పంపితే లైను లైనూ చదువుతాం. ఒక్క పదం అర్థం కాకపోతే కాల్ పెట్టి మరీ అడుగుతాం. కానీ సాక్షాత్తూ దేవుని మాట అని మనం చెప్పుకునే పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఏం చేస్తున్నాం? డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి ఓ వాగ్దానం కార్డు తీసుకుంటాం. దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటాం. ఏడాదికి సరిపడా బైబిలు అయిపోయింది! ఆ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నారో మనకి అక్కర్లేదు.

ఎవరైనా అడిగితే మాత్రం "మాకు బైబిలు మీద పూర్తి నమ్మకమండీ" అంటాం. క్షమించాలి, అది బైబిలు మీద నమ్మకం కాదు. కార్డు మీద నమ్మకం. లేదా ఆ కార్డు కోసి చేతికిచ్చినాయన మీద నమ్మకం. పుస్తకాన్ని నిజంగా నమ్మేవాడు పుస్తకం మొత్తం ఏం చెబుతుందో చూస్తాడు.

ఇలా ముక్క కోసి ఇవ్వడం కొత్తేమీ కాదు. మత్తయి సువార్త 4వ అధ్యాయం తీయండి. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకు, దూతలు నిన్ను పట్టుకుంటారని రాసి ఉంది కదా అన్నది ఎవరు? సైతాను. అతను చెప్పింది అబద్ధపు వాక్యం కాదు, అచ్చంగా 91వ కీర్తనలోదే. దానికి యేసు ఇచ్చిన జవాబు చూడండి. దేవుణ్ణి పరీక్షించకూడదని కూడా రాసి ఉంది అని ద్వితీయోపదేశకాండంలోంచి చెప్పాడు. ఒక వాక్యాన్ని మిగతా వాక్యాల పక్కన పెట్టి చదవాలి అనే సూత్రం ఏ సెమినరీలోనో పుట్టలేదు, ఇదిగో ఇక్కడుంది. సైతానుకీ వాక్యం వచ్చు. రానిది సందర్భం ఒక్కటే.

ఇప్పుడు మన ఐటీ వాళ్ళకి అత్యంత ప్రియమైన వాక్యానికి వద్దాం. యిర్మీయా 29:11. దేవుడు మన విషయంలో ఆలోచించేది మేలే గానీ కీడు కాదు, మనకి ఒక భవిష్యత్తు ఉంది అని దాని సారాంశం. హెచ్1బీ లాటరీ ముందు, అప్రైజల్ ముందు, ఇంటర్వ్యూ ముందు, అన్నింటికీ ఇదే. అసలు ఆ అధ్యాయం ఏమిటో చూద్దాం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునీ, పెద్దలనీ, పనివాళ్ళనీ బబులోనుకి చెరపట్టుకుపోయాడు. వాళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం అది. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు. రెండేళ్ళలో అందరూ వెనక్కి వచ్చేస్తారు అని దేవుడి పేరు మీద ప్రకటించింది ఆయనే. జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా ఉత్తరం దానికి పూర్తిగా వ్యతిరేకం. రెండేళ్ళు కాదు, డెబ్భై ఏళ్ళు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి అంటాడు.

అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే చనిపోతారు. మేలు జరిగేది వాళ్ళ పిల్లలకి, మనవలకి. ఆ వాక్యం తియ్యగా ఉండేది ఆ చేదుతో కలిపి మింగినప్పుడే. మనం దాన్ని ఎలా వాడుతున్నాం? "ఈ ఏడాదే నీ అద్భుతం" అని. అంటే యిర్మీయా మాటలు తీసుకెళ్ళి హనన్యా నోట్లో పెడుతున్నాం! హనన్యా సంగతి ఏమయిందో 28వ అధ్యాయం చివర్లో ఉంది, చూసుకోండి.

ఇంకో తమాషా. ఇంగ్లీషు బైబిలు చదివేవాళ్ళకి "యూ" అంటే ఒకడో పదిమందో తెలీదు. మన తెలుగు బైబిల్లో అక్కడ "మిమ్మును" అని శుభ్రంగా ఉంది. ఒక్క మనిషితో మాట్లాడితే "నిన్ను" అనేవాడే పాత తెలుగు అనువాదకుడు, రాజైనా సరే. అది బహువచనం, ఒక జనం మొత్తానికి చెప్పిన మాట. ఇంగ్లీషు మీడియం వాళ్ళం, తెలుగు బైబిలు పాతగా ఉంది అని పక్కన పెట్టేశాం. ఈ విషయంలో అదే మనకి సరిగ్గా చెబుతోంది.

సరే, కార్డు తీసుకుంటే పోయేదేముంది, మనసుకి ధైర్యం కదా అంటారా? ఒక్క ధైర్యంతో ఆగితే నేనీ గోల పెట్టేవాణ్ణి కాదు. పోయేవి చాలా ఉన్నాయి.

మొదటిది డబ్బు. కొత్తగా ఉద్యోగం వచ్చిన కుర్రాడిచేత మొదటి నెల జీతం మొత్తం ప్రథమ ఫలం అని పెట్టించడం, దశమ భాగం ఇవ్వకపోతే దేవుణ్ణి దోచుకున్నట్టే అని మలాకీ 3వ అధ్యాయంతో భయపెట్టడం అందరం చూస్తున్నదే. మలాకీ ఒకటో అధ్యాయంలో దేవుడు తిట్టింది ఎవర్ని? యాజకుల్ని. గుడ్డివీ కుంటివీ రోగాలవీ తెచ్చి బలిపీఠం మీద పెడుతున్నారని. రెండో అధ్యాయం మొదలయ్యేదీ యాజకుల మీదే. ఆ దశమ భాగంలో మూడేళ్ళకోసారి లేవీయులతో పాటు పరదేశులకీ, అనాథలకీ, విధవరాండ్రకీ భాగం ఉండాలని ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చెబుతుంది. ఆ ముక్క ఏ కానుకల సమయంలోనైనా విన్నారా? నేనైతే వినలేదు. ఇవ్వొద్దని నేననడం లేదు, ఇవ్వండి. ఎందుకిస్తున్నారో చదివి ఇవ్వండి.

రెండోది నోరు మూయించడం. లెక్కలడిగితే చాలు, అభిషిక్తుల జోలికి పోకూడదని వాక్యం ఉంది అంటారు. ఉంది, 105వ కీర్తనలో. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. ఊరూరా తిరిగే ఆ కొద్దిమందిని రాజులు హింసించకుండా దేవుడు కాపాడాడని చెబుతోంది. మీ సంఘం బ్యాంకు ఖాతా గురించి కాదు! పేతురు తప్పు చేస్తే పౌలు అంతియొకయలో అందరి ముందే నిలదీశాడు, గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం. బెరయలో అయితే జనం సాక్షాత్తూ పౌలు చెప్పిందే నిజమా కాదా అని రోజూ లేఖనాలు తీసి సరిచూసుకున్నారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్ళని ఘనులు అని మెచ్చుకుంది, తిరుగుబాటుదారులు అనలేదు.

మూడోది ప్రాణం. మాకు తెలిసినావిడ ఒకరు షుగరు మాత్రలు మానేశారు. స్వస్థత పొందేశాను, మళ్ళీ మాత్ర వేసుకుంటే అవిశ్వాసం అని ఎవరో చెప్పారట. ఐదు నెలల తర్వాత కాలి వేళ్ళు రెండు తీసేశారు. ఆవిడ విశ్వాసాన్ని నేను వేలెత్తి చూపను. ఆవిడకి సగం బైబిలు చెప్పినవాళ్ళని అడుగుతున్నా. హిజ్కియా రాజు బాగుపడతాడని దేవుడే చెప్పాక కూడా యెషయా అంజూరపు పళ్ళ ముద్ద పుండు మీద కట్టించలేదా? తిమోతికి కడుపు జబ్బయితే పౌలు కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని రాయలేదా? త్రోఫిముని మిలేతులో రోగిగానే వదిలి రాలేదా? పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు కాదా? దేవుడు స్వస్థపరుస్తాడని నేనూ నమ్ముతాను. కానీ మాత్ర మానెయ్యమని బైబిల్లో ఏ మూల ఉందో చూపించండి.

ఇక్కడొకరు లేస్తారు. "అసలు మీ బైబిలే మార్చేశారు కదా, ఇంకా సందర్భాలేంటి?" దీనికి మనవాళ్ళ జవాబు మరీ ఘోరం. "ఒక్క అక్షరం కూడా మారలేదు!" అని అరుస్తారు. అది నిజం కాదు, అలా అబద్ధమాడి కాపాడాల్సిన అవసరమూ లేదు.

1947లో మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల్లో పశువుల కాపరులకి చుట్టలు దొరికాయి. అందులో యెషయా గ్రంథం మొత్తం ఉంది, క్రీస్తుకి ముందు రెండో శతాబ్దం నాటిది. అప్పటిదాకా మన దగ్గరున్న పూర్తి హీబ్రూ ప్రతులకన్నా సుమారు వెయ్యేళ్ళు పాతది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. తేడాలు వేలల్లోనే ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం స్పెల్లింగులు, చిన్న చిన్న మాటలు. గ్రంథం చెప్పే సంగతి అదే. వెయ్యేళ్ళు చేత్తో కాపీ కొట్టిన పుస్తకానికి ఇంతకన్నా ఏం కావాలి?

తేడా ముఖ్యమైన చోట్లు కూడా ఉన్నాయి. మార్కు సువార్త 16వ అధ్యాయంలో 9 నుంచి 20 వరకు వచనాలు నాలుగో శతాబ్దపు వాటికన్, సైనాయ్ ప్రతుల్లో లేవు. పాముల్ని పట్టుకుంటారు, విషం తాగినా ఏం కాదు అన్న మాట ఉన్నది ఆ వచనాల్లోనే. అమెరికాలో జార్జ్ హెన్స్లీ అనే బోధకుడు ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఆరాధనల్లో పాములు పట్టే పద్ధతికి పేరు తెచ్చాడు. 1955లో పాము కాటుకే చనిపోయాడు. ప్రతుల గురించి తెలుసుకోవడం పండితుల కాలక్షేపం కాదని చెప్పడానికి ఇంకో ఉదాహరణ కావాలా? నా మట్టుకు నాకు ఈ తేడాలు తెలిశాక నమ్మకం తగ్గలేదు. దాచకుండా బైబిలు కిందే ఫుట్‌నోటు వేసి చెబుతున్నారంటే ఇంకా పెరిగింది.

చివరి అభ్యంతరం ఒకటుంది. "చదువులెందుకు బ్రదర్, అక్షరం చంపుతుంది, ఆత్మే బోధిస్తాడు." అదీ సగం కోసిన వాక్యమే! కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 3వ అధ్యాయంలో అక్షరం అంటే రాతి పలకల మీద చెక్కిన ధర్మశాస్త్రం. చదువుకోవడం గురించి కాదు. పౌలు రాసిన వాటిలో కొన్ని కష్టమనీ, తెలియనివాళ్ళు వాటిని వంకరగా తిప్పుతారనీ పేతురే రాశాడు. ఆత్మ నడిపిస్తాడు, నిజమే. ఐతియొపీయుడి దగ్గరికి ఫిలిప్పుని పంపింది కూడా ఆత్మే. వెళ్ళి ఏం చేశాడు? రథమెక్కి కూర్చుని, ఆయన చదువుతున్న యెషయా భాగాన్నే విడమరిచి చెప్పాడు.

రెండు వందల ఏళ్ళ కిందట విశాఖపట్నంలో అగస్టస్ డి గ్రాంజెస్ అనే మిషనరీ, ఆనందరాయర్ అనే తెలుగాయన కూర్చుని సువార్తల్ని తెలుగు చేశారు. డి గ్రాంజెస్ 1810లోనే పోయారు, అవి అచ్చవడం కూడా చూడలేదు. వాళ్ళు కార్డులు రాయలేదు, మొదటి నుంచి చివరి దాకా పుస్తకాలు తర్జుమా చేశారు, చదువుతారని.

కాబట్టి పెద్ద కోర్సులేవీ వద్దు. ఈసారి ఎవరైనా ఒక వాక్యం చేతికిస్తే నాలుగు పనులు చెయ్యండి.

1. ముందు అధ్యాయం, వెనక అధ్యాయం చదవండి.
2. ఎవరు ఎవరితో అంటున్నారో, "నీవు" ఉందో "మీరు" ఉందో చూడండి.
3. అది కీర్తనా, ఉత్తరమా, చట్టమా, ప్రవచనమా చూడండి. ఉత్తరాన్ని చట్టంలా, పాటని గ్యారంటీ కార్డులా చదవకండి.
4. బైబిల్లో దానికి ఎదురు నిలిచే మాట ఇంకెక్కడైనా ఉందేమో వెతకండి.

అరగంట పని. రోజుకి అంతకన్నా ఎక్కువ సేపు పక్కవాడి కోడ్ రివ్యూ చేస్తున్నాం. ఇది చేశాక కూడా ఆ వాక్యం మీకు వర్తిస్తే నిక్షేపంగా స్టేటస్‌లో పెట్టుకోండి. వర్తించకపోతే, ఆ వాక్యం చెప్పి డబ్బో, మౌనమో, మాత్రల డబ్బానో అడిగిన మనిషిని నిలబెట్టి అడగండి. అడగడం అవిశ్వాసం కాదు. బెరయ వాళ్ళు చేసింది అదే.