ఎన్నికల ఖర్చు ఎవరిది?

ప్రజాస్వామ్యంలో ప్రజలే ప్రభువులు. ఆ ప్రభుత్వాధికారాన్ని వారు ఓటు ద్వారా తమ ప్రతినిధుల చేతికి అప్పగిస్తారు. ఇరవై ఐదేళ్లు నిండి, ఓటర్ల జాబితాలో పేరున్న పౌరుడు శాసనసభకు పోటీ చేయవచ్చునని మన రాజ్యాంగమూ, చట్టమూ చెబుతున్నాయి. కూలివాని బిడ్డకూ, కోటీశ్వరుని బిడ్డకూ ఈ హక్కు సమానమే. కాని ఆచరణలో ఈ సమానత్వం నిలుస్తున్నదా?

కొన్నేళ్ల కిందట ఒకనాడు తరగతిలో పాఠం ముగిసిన తరువాత విద్యార్థులను ఒక ప్రశ్న అడిగాను. "మీలో ఎవరికైనా శాసనసభ్యులు కావాలని ఉన్నదా?" చాలాసేపు ఎవరూ చెయ్యి ఎత్తలేదు. చివరకు గాండ్లపెంట వైపు పల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థి లేచి, "మా తావ అంత దుడ్డు యాడుంది సార్?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వేరుశనగ విత్తి, వాన కోసం ఆకాశం వంక చూసే కుటుంబం అతనిది. తనకు తెలివి చాలదని అతడు అనలేదు; సేవ చేయడం ఇష్టం లేదనీ అనలేదు. చట్టం ఇచ్చిన హక్కును ధనం హరించిందని అతనికి పదిహేడేళ్లకే తెలిసిపోయింది. ఈ వ్యాసానికి ఆ మాటే ప్రేరణ.

గాండ్లపెంట మండలం కదిరి శాసనసభా నియోజకవర్గంలోనిది. హిందూపురం లోక్‌సభ స్థానం పరిధిలోనిది. ఈ మండలంలోని కటారుపల్లెలోనే యోగి వేమన సమాధి ఉన్నది. ధనం మనిషిని ఎట్లా ఆడిస్తుందో నిర్భయంగా లోకానికి చాటిన కవి ఆయన. ఆ మహనీయుని సన్నిధిలో జీవించేవారు ఓటుకూ నోటుకూ గల సంబంధాన్ని గురించి ఆలోచించకపోతే ఇంకెవరు ఆలోచిస్తారు?

గతంలో పరిస్థితి పూర్తిగా ఇట్లా లేదు. తొలి సాధారణ ఎన్నికలలో అనంతపురం నుంచి తరిమెల నాగిరెడ్డి గారు నీలం సంజీవరెడ్డి గారంతటి నాయకుని ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లారు. నిరాడంబర జీవితానికి పేరు పొందిన వావిలాల గోపాలకృష్ణయ్య గారిని సత్తెనపల్లి ప్రజలు నాలుగు పర్యాయాలు గెలిపించారు. ఆ రోజుల్లో ఎన్నికలకు ఖర్చే లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఖర్చు ఉన్నా, అది అభ్యర్థి యోగ్యతను మింగివేసేంతగా పెరగలేదు.

ఖర్చును అదుపు చేయడానికి చట్టం లేకపోలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అభ్యర్థి వ్యయానికి పరిమితి విధించింది. 2022 జనవరిలో పెద్ద రాష్ట్రాలలో ఈ పరిమితిని శాసనసభకు 40 లక్షల రూపాయలకు, లోక్‌సభకు 95 లక్షల రూపాయలకు పెంచారు. ఫలితాలు వెలువడిన 30 రోజులలోగా అభ్యర్థి లెక్కలు సమర్పించాలి. సరైన కారణం లేకుండా సమర్పించనివారిని మూడేళ్లపాటు పోటీకి అనర్హులుగా ప్రకటించవచ్చు.

ఈ నియమం మనకు కొత్తది కాదు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో చోళరాజు పరాంతకుని కాలం నాటి శాసనాలు ఉన్నాయి. అవి క్రీ.శ. 919, 921 సంవత్సరాలవి. గ్రామ సభా సంఘాలకు సభ్యులను ఎన్నుకునే పద్ధతిని అవి వివరిస్తాయి. యోగ్యుల పేర్లు రాసిన తాటాకులను కుండలో వేసి తీసేవారు. అయితే, పూర్వం సంఘంలో పనిచేసి లెక్కలు అప్పజెప్పనివారి పేర్లు ఆ కుండలోనికి చేరకూడదు. లెక్క చెప్పనివానికి అధికారం లేదన్న సూత్రాన్ని మన పూర్వులు వెయ్యేళ్ల కిందటనే రాతిమీద చెక్కించారు.

నేటి చట్టంలో ఒక పెద్ద లోపం ఉన్నది. పరిమితి అభ్యర్థికే గాని పార్టీకి లేదు. అభ్యర్థి కోసం పార్టీ చేసిన ఖర్చును కూడా అతని లెక్కలోనే కలపాలని సుప్రీంకోర్టు 1974లో తీర్పు చెప్పింది. ఆ ఏడాదే పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ తీర్పును నిష్ఫలం చేసింది. తరువాత కొన్ని మార్పులు వచ్చినా పార్టీ వ్యయానికి నేటికీ హద్దు లేదు. చెరువుకు కట్ట గట్టిగా వేసి, తూము తెరిచిపెట్టినట్లున్నది ఈ ఏర్పాటు.

ఇంత ధనం ఎక్కడి నుంచి వస్తున్నది? అధిక భాగం విరాళాలుగా వస్తుంది. విత్తనం వేసినవాడు కోతకు రాకుండా ఉంటాడా? విరాళమిచ్చిన గుత్తేదారు రేపు రోడ్డు పనిలోనో, గనుల అనుమతిలోనో దాన్ని తిరిగి రాబట్టుకోజూస్తాడు. దాత పేరు ప్రజలకు తెలియకుండా విరాళమిచ్చే ఎన్నికల బాండ్ల పథకం 2018లో అమలులోకి వచ్చింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉన్నదని చెప్పి సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకాన్ని కొట్టివేసింది.

ఈ జబ్బుకు మందుగా పెద్దలు కొందరు సూచించినదే ఎన్నికలకు ప్రభుత్వ నిధులు. 1990లో దినేశ్ గోస్వామి సంఘం, 1998లో ఏర్పడిన ఇంద్రజిత్ గుప్తా సంఘం ఈ సహాయాన్ని నగదుగా కాక వస్తురూపంలో ఇవ్వాలన్నాయి. వాహనాలకు ఇంధనం, మైకులు, ఓటర్ల జాబితా ప్రతులు వంటివి అందులోనివి. ఇప్పటికీ గుర్తింపు పొందిన పార్టీలకు ఆకాశవాణి, దూరదర్శన్‌లలో ఉచితంగా సమయం లభిస్తున్నది. అదీ ఒక విధంగా ప్రభుత్వ సహాయమే.

ఇతర దేశాలలో ఈ పద్ధతి ఉన్నది. జర్మనీలో పార్టీలకు ప్రభుత్వ ధనం అందుతుంది; కాని ఆ మొత్తం పార్టీ తాను సొంతంగా సంపాదించిన ఆదాయాన్ని మించకూడదు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2017 నుంచి ఓటర్లకే 25 డాలర్ల విలువగల నాలుగు పత్రాలు ఇస్తున్నారు. వారు తమకు నచ్చిన అభ్యర్థికి వాటిని ఇవ్వవచ్చు. అదే అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఒబామా 2008లో ప్రభుత్వ నిధులను వద్దని, విరాళాలతోనే అధికంగా ఖర్చు చేశారు. నిధులు ఇచ్చినంత మాత్రాన ధనప్రవాహం ఆగదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ ప్రతిపాదనను కాదనేవారి వాదన కూడా వినదగినదే. తాగునీరు, బడులు, ఆసుపత్రులు చాలని దేశంలో పార్టీలకు ప్రజాధనం ఎందుకని వారు అడుగుతారు. చాటుగా ఓటుకు నోటు పంచేవాడు ప్రభుత్వమిచ్చినదీ తీసుకుని, తన పంపకమూ సాగిస్తాడని హెచ్చరిస్తారు. 2002లో రాజ్యాంగ సమీక్షా సంఘం కూడా పార్టీలను కట్టుదిట్టం చేసిన తరువాతే ఈ సంగతి ఆలోచించాలన్నది.

మొదటి ప్రశ్నకు చిన్న లెక్కతో జవాబు చెప్పవచ్చు. మన రాష్ట్రంలో 175 శాసనసభ స్థానాలున్నాయి. స్థానానికి ముగ్గురు ప్రధాన అభ్యర్థులకు పరిమితి మేరకు మొత్తం ఖర్చు ఇచ్చినా 210 కోట్ల రూపాయలవుతుంది. రాష్ట్రంలో ఓటర్లు నాలుగు కోట్లకు పైగా ఉన్నారు. ఓటరుకు ఐదేళ్లకు సుమారు 50 రూపాయలు. అంటే ఏడాదికి పది రూపాయలు. దాతల రుణం తీర్చడానికి ప్రజలు పరోక్షంగా చెల్లించే మూల్యంతో పోలిస్తే ఇది ఏపాటిది?

రెండవ అభ్యంతరం బలమైనది. అందుకే క్రమం ముఖ్యమని నా అభిప్రాయం. మొదట పార్టీ వ్యయానికి పరిమితి విధించాలి. పార్టీల లెక్కలను స్వతంత్ర పరిశీలకులు తనిఖీ చేయాలి. ప్రతి దాత పేరూ ప్రజలకు తెలియాలి. ఆ తరువాతనే వస్తురూపంలో సహాయం అందించాలి. నిర్ణీత సంఖ్యలో ఓటర్ల మద్దతు చూపగల స్వతంత్ర అభ్యర్థికి కూడా అందులో భాగముండాలి. లేకపోతే పెద్ద పార్టీలకు మాత్రమే అది వరమవుతుంది. గట్టు వేయకుండా నీరు పెడితే మడి తడవదు, బాట తడుస్తుంది.

ఇంత చేసినా మిగిలే పని ఒకటున్నది. అది మనది. ఓటుకు డబ్బు తీసుకున్నవాడు ఐదేళ్లపాటు ప్రశ్నించే హక్కును ఆ రోజే అమ్ముకున్నాడు. ఊరికి రోడ్డు లేదని, చెరువులో నీరు లేదని అడిగితే, "నీ లెక్క ఆనాడే తీరింది" అని నాయకుడు మనసులో అనుకోడా? చట్టం తలుపు తెరవగలదు. లోపలికి నడవవలసినది పౌరుడే.

విద్యార్థులారా! మరొక ఏడాదిలోనో, రెండేళ్లలోనో మీకు ఓటు వస్తుంది. నాడు తరగతిలో లేచి నిలిచిన ఆ బాలుని ప్రశ్నకు నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. మీ తరం ఆ సమాధానం చెప్పాలి. దుడ్డు లేని యోగ్యుడు కూడా మన ఊరి వీధిలో నిలిచి ధైర్యంగా ఓటడిగే రోజున, గెలుపు ఓటములతో పని లేకుండా, మన ప్రజాస్వామ్యం గెలిచినట్లే.